మాడి పూంగా గోడ పక్కన చౌక్: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్, మొదటి వారం

పని మొదలైంది. పని అంటే కట్టుబడి కాదు. ఎవరూ టెండరు పిలవలేదు, ఎవరూ డబ్బు పెట్టలేదు. ముగ్గురు ఆర్కిటెక్టులం, ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు, ఆఫీసు పని అయ్యాక కూర్చుని చేస్తున్న డిజైను ఇది. ఉత్తర మద్రాసులో, పాత జైలు రోడ్డు దగ్గర, పాత నగరపు గోడ ఒక ముక్క ఇంకా నిలబడి ఉంది. పైన పార్కు, కింద ఇటుక కమానుల గదులు. ఊళ్ళోవాళ్ళు మాడి పూంగా అంటారు, మేడ మీది తోట అని. ఆ గోడ బయటి ముఖం పక్కన జనం కూర్చోవడానికి, కబుర్లు చెప్పుకోవడానికి, పిల్లలు పరిగెత్తడానికి ఒక చౌక్ ఉంటే ఎలా ఉండాలి? వానలు తగ్గాక పేటలో మోడల్ పెట్టి, జనం చేత మాట్లాడించాలన్నది ప్లాను.

లెక్కకు గోడ వెంబడి 60 మీటర్ల పొడవు, గోడ నుంచి 16 మీటర్ల వెడల్పు తీసుకున్నాం. సరైన కొలతల డ్రాయింగు చేతికి వచ్చేదాకా గోడ ఎత్తు 5 మీటర్లు అనుకుని గీస్తున్నాం.

గోడ ఎందుకు కట్టారో తెలియకుండా దాని పక్కన ఏం గీస్తాం అని ఒక సాయంత్రం చరిత్రకే పోయింది. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసును ముట్టడించినప్పుడు ఇంగ్లీషువాళ్ళు కోట తలుపులు మూసుకుని లోపల కూర్చున్నారు. కోట బయట, దేశీయులు ఉండే బ్లాక్ టౌన్‌లోని వాళ్ళకు ఆ అదృష్టం లేదు, ఫ్రెంచి సైన్యం నేరుగా వీధుల్లోకి వచ్చి పడింది. 1767లో హైదర్ అలీ గుర్రపు దళం ఊరి శివార్ల దాకా వచ్చి దోచుకుపోయింది. ఇన్ని దెబ్బలు తిన్నాక, 1770ల మొదట్లో గానీ ఊరి చుట్టూ గోడ పూర్తి కాలేదు. కాంట్రాక్టరు పాల్ బెన్‌ఫీల్డ్. ఈయన తర్వాత ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చి ఎంత పేరు మోశాడంటే, 1785లో బ్రిటిష్ పార్లమెంటులో ఎడ్మండ్ బర్క్ లేచి నిలబడి ఉతికి ఆరేశాడు. గోడ ఖర్చు జనం దగ్గర పన్నుగా రాబట్టాలని చూశారు. పడమటి గోడ ఎప్పుడో పోయింది, అది ఉన్న చోటి రోడ్డును మాత్రం ఈ రోజుకీ వాల్‌టాక్స్ రోడ్డు అనే అంటున్నాం.

గోడకు లోపలి వైపు పెద్దనాయకన్‌పేట, ముత్యాలపేట. కంపెనీ రోజుల నుంచీ తెలుగు వర్తకులూ తెలుగు కావలివాళ్ళూ మసిలిన పేటలు. మా చుట్టాల్లో సగంమంది పెళ్ళిచీరల కోసం ఇప్పటికీ అటే వెళతారు. వెళ్ళినవాళ్ళలో ఒక్కరు కూడా ఈ గోడను చూడలేదు.

ఏప్రిల్ చివర

ఈ వారమంతా చట్టంతోనే సరిపోయింది. గోడ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, ఇలాంటి కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషిద్ధ ప్రాంతం, అది దాటాక మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మొదటిదాంట్లో కొత్త కట్టుబడి కుదరదు. రెండోదాంట్లో అనుమతి తీసుకుని కట్టుకోవచ్చు. మా 16 మీటర్లూ మొదటిదాంట్లోనే ఉన్నాయి.

"ఇంకేం, దుకాణం సర్దేద్దాం" అన్నాడు ఇంజనీరు. నాకు మాత్రం పని అప్పుడే ఆసక్తిగా అనిపించింది. గోడను ముట్టుకోకూడదు, నేలను తవ్వకూడదు, ఏది పెట్టినా మళ్ళీ తీసేయగలగాలి. ఇవి ఒప్పుకున్నాక చేతిలో మిగిలేవి నేల వాలు, నీడ, నీళ్ళు, కూర్చునే ఎత్తు. స్తంభాలూ విగ్రహాలూ గీయాలన్న దురద ఉన్నవాళ్ళకు ఇది కష్టమే, మాలో ఒకరికి ఉంది కూడా.

జూనియర్ అమ్మాయి నికోసియాలోని ఎలెఫ్తీరియా స్క్వేర్ ఫొటోలు ప్రింటు తీసి బోర్డుకు గుచ్చింది. సైప్రస్ రాజధాని చుట్టూ వెనీసువాళ్ళు 1567లో పదకొండు బురుజులతో కోట గోడ కట్టడం మొదలుపెట్టారు. 1570లో ఆటమన్ తుర్కుల సైన్యం వచ్చి ఊరిని పట్టేసుకుంది. ఆ గోడ అంచున, ఎండిన కందకం మీద పేరున్న ఆర్కిటెక్టు జహా హదీద్ ఆఫీసు వేసిన చౌక్ అది. 2005లో పోటీలో గెలిచారు, పూర్తయి తెరిచింది 2021లో. మధ్యలో, 2016లో, హదీద్ పోయారు. పైన వంపులు తిరిగిన కాంక్రీటు వంతెన, కింద కందకంలో చెట్లూ నడకదారులూ.

గంటసేపు వాదించుకున్నాం. ఆ కాంక్రీటు మనకు ఏ రకంగానూ పనికిరాదు, చట్టం ఒప్పుకున్నా జేబు ఒప్పుకోదు. కానీ జనాన్ని కందకంలోకి దింపడం మంచి ఆలోచన. గోడ అసలు ఎత్తు తెలిసేది అడుగున నిలబడి చూస్తేనే. మన దగ్గర రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి పాత గోడల అడుగుభాగాన్ని పూడ్చేస్తాం. "నేల అంగుళం కూడా పెరగకూడదు" అని బోర్డు మీద రాసి, చుట్టూ ఎర్ర గీత గీశాం.

మే, నడి ఎండాకాలం

1:100 స్కేలులో మోడల్ తయారైంది. 60 సెంటీమీటర్ల పలక. గోడను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ఇటుక పొడి కలిపి పోశాం. రంగు అచ్చంగా రాలేదు గానీ చేతికి గరుగ్గా తగులుతోంది, అది చాలు.

జూనియర్ వేసిన మొదటి స్కెచ్‌లో బెంచీలన్నీ గోడకు దగ్గరగా వరసగా ఉన్నాయి, గోడ నీడలో జనం కూర్చుంటారని. వినడానికి బాగానే ఉంది. మోడల్ తీసుకుని మేడ మీదికి వెళ్ళాం. మూలన ఒక మేకు నిలువుగా దిగేసి, ఉత్తరం సరిచూసి పెట్టాం. మద్రాసులో మే నెలలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండు దాటిన అయిదు నిమిషాలకు. పన్నెండున్నర దాకా ముగ్గురం గొడుగు కింద కూర్చుని ఆ మేకునే చూశాం. ఇంటి ఓనరు వచ్చి, ఏదైనా పూజా అని అడిగి వెళ్ళాడు.

మేకు నీడ దక్షిణానికి పడింది, అదీ వేలి మందమే. మద్రాసు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. మన గోడ తూర్పు పడమరలుగా సాగుతుంది, చౌక్ ఉండేది ఉత్తరం వైపు. అంటే మే నెల పొడుగునా పొద్దున్నుంచి సాయంత్రం దాకా గోడ బయటి ముఖం మీద ఎండే. అయిదు మీటర్ల గోడకు మే మధ్యాహ్నం పడే నీడ అరమీటరు పైచిలుకు, అదీ లోపలి వైపు. అదే డిసెంబరు మధ్యాహ్నమైతే ఉత్తరం వైపు 3.7 మీటర్ల నీడ పడుతుంది. నీడ అక్కర్లేని నెలలో కావలసినంత, ప్రాణం పోయే నెలలో సున్నా. పైగా ఎండలో కాగిన ఇటుక రాత్రి పొద్దుపోయేదాకా సెగ కక్కుతూనే ఉంటుంది.

బెంచీలన్నీ గోడ నుంచి లాగేశాం. నీడ ఇక చౌక్ రెండో అంచున, గోడకు దూరంగా మేమే తయారుచేసుకోవాలి. మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి సముద్రపు గాలి తిరుగుతుంది కాబట్టి తూర్పు చివర ఏదీ అడ్డం పెట్టకూడదు. ఇదీ బోర్డెక్కింది.

జూన్

ఈ నెల డ్రాయింగు పని తక్కువ, కూర్చుని చూడడం ఎక్కువ.

స్టాన్లీ ఆసుపత్రి నడిచివెళ్ళే దూరంలో ఉంది. పాతవాళ్ళు ఇంకా దాన్ని గంజి తొట్టి ఆసుపత్రి అంటారు. 1782లో, హైదర్ యుద్ధం తెచ్చిన కరువులో, ఊరి బయట ఆకలితో పడి ఉన్నవాళ్ళకు గంజి పోసిన మణేగార్ సత్రం నుంచి పుట్టింది మరి. రోగి లోపల, చుట్టాలు బయట. గుమ్మిడిపూండి, సూళ్ళూరుపేట లోకల్ రైళ్ళు దిగి వచ్చినవాళ్ళు ఉంటారు, మాట వినగానే మనవాళ్ళని తెలిసిపోతుంది. వీళ్ళకు కావలసింది సెల్ఫీ పాయింటు కాదు. వీపు ఆనించుకునే చోటు, ఫోను చార్జింగు, చేయి కడుక్కునే కుళాయి, సంచీ నేల మీద పెట్టకుండా పెట్టుకునే అరుగు. ఒక పెద్దాయన మందుల చీటీ మోకాలి మీద పరిచి, గాలికి ఎగరకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. బెంచీ పక్కన చిన్న పలక ఉండాలని ఆయన్ని చూశాకే తోచింది.

టిఫిను బండి అక్క దగ్గర రోజూ ఇడ్లీ తింటున్నాం, ఆవిడే మా అసలు సలహాదారు. సూళ్ళూరుపేట పుట్టిల్లు, మెట్టినిల్లు వాషర్‌మెన్‌పేట. మోడల్ ఫొటో చూపించి, బండికి ఇక్కడ నీడ పెట్టామక్కా అన్నాను.

"నీడదేముంది మేడం, బండికి గొడుగుంది. నీళ్ళు పోయే దారి చూపించండి ముందు. రోజూ రెండు బకెట్ల ఎంగిలి నీళ్ళు నేనెక్కడ పారబోయాలి? గోడ పక్కనే పోస్తున్నా. మీరొచ్చి పోయొద్దంటే ఇంకోచోట పోస్తా. అక్కడివాళ్ళు నన్ను తిడతారు."

ఇంతకాలం మేం బండిని చతురస్రపు గడిగా గీసి, పక్కన మనిషి బొమ్మ పెట్టి ఊరుకుంటున్నాం. కడుగు నీళ్ళ సంగతి ఒక్క డ్రాయింగులోనూ లేదు. 2014 వీధి విక్రేతల చట్టం వల్ల బండివాళ్ళకు చోటు హక్కు వచ్చింది, ఆ చోటుతో పాటు కాలువ కూడా వస్తేనే ఉపయోగం. బండ్ల వరస వెనకాల, గోడకు వీలైనంత దూరంగా, మోకాలెత్తు రాతి తొట్టి ఒకటి గీశాం. మెతుకులకు జల్లెడ, నూనె తేలి నిలిచేందుకు చిన్న అర, అక్కడినుంచి మురుగు లైనుకు గొట్టం. ఆ గొట్టం తవ్వకం కిందికి వస్తుందా రాదా అన్నది పెద్ద ప్రశ్న. ప్రస్తుతం నేల మీదే రాతి పలక కింద నడిపించాం.

ఇక రాయడానికి మొహమాటమైన విషయం. గోడకు ఈ రోజు పెద్ద శత్రువు హైదరూ కాదు, లాలీ కూడా కాదు. మూత్రం. అందులోని లవణాలు ఇటుకలోకి దిగి, ఆరినప్పుడల్లా స్ఫటికాలు కట్టి, ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడతాయి. బోర్డులూ దేవుడి పలకలూ పెట్టి చూసిన ఊళ్ళు చాలా ఉన్నాయి. మందు ఒకటే, దగ్గర్లో శుభ్రమైన మరుగుదొడ్డి. అది మా 16 మీటర్లలో కుదరదు. అయినా ప్రతిపాదనలో మొదటి పేజీలోనే పెడుతున్నాం. అది లేకుండా మిగతాదంతా అలంకారమే.

జూలై

పందిరి లెక్కలు. మెదడు వేడెక్కిన నెల.

తవ్వకుండా నీడ నిలబెట్టడం ఎలా? ఈ సంగతి మద్రాసులో బాగా తెలిసినవాళ్ళు పెళ్ళి పందిళ్ళు వేసేవాళ్ళు. ఒకాయన్ని పట్టుకున్నాం. తారు రోడ్డు మీద డ్రమ్ములో ఇసక పోసి గుంజ నిలబెడతాడు, నాలుగు గుంజల్నీ పైన అడ్డకర్రలతో బిగిస్తాడు. గాలి వస్తే ఏం చేస్తారని అడిగాను. "గుడ్డ తీసేస్తాం. గాలితో మనకెందుకు గొడవ?"

ఇంజనీరు అదే మాటను అంకెల్లో చెప్పాడు. మన దేశపు కట్టడాల కోడ్ ప్రకారం మద్రాసుకు మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరుకు 1500 న్యూటన్ల ఒత్తిడి. నాలుగు మీటర్ల చదరపు గుడ్డ అంటే 16 చదరపు మీటర్లు, దాదాపు రెండున్నర టన్నుల బలం పైకి లాగుతుంది. దానికి పునాది కావాలి, పునాదికి మనకు అనుమతి లేదు. అదే సగం వేగానికి, సెకనుకు 25 మీటర్లకు లెక్కిస్తే బలం నాలుగోవంతుకు పడిపోతుంది. సుమారు 600 కిలోలు, గుంజకు 150. నలభై సెంటీమీటర్ల గ్రానైటు ఘనం 170 కిలోలు తూగుతుంది. భద్రత కోసం రెట్టింపు పెట్టమన్నాడు. ఘనాన్ని పొడుగు చేసి 40×40×80 చేశాం, 340 కిలోలు. అది చూడగానే ముగ్గురం ఒకేసారి అన్నాం, ఇది బెంచీ కదా! పందిరిని పట్టుకునే బరువే కూర్చునే అరుగు అయిపోయింది. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు బాగా నచ్చిన విషయం ఇదే.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. మద్రాసులో నీడ కావలసింది మార్చి నుంచి సెప్టెంబరు దాకా. తుపాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అక్టోబరులో గుడ్డలన్నీ విప్పి మడిచేస్తే, 2016 డిసెంబరు 12న వర్దా వచ్చినట్టు ఇంకోటి వచ్చినా నిలబడి ఉండేవి ఉత్త గుంజలే. మే, జూన్‌లలో సాయంత్రం హఠాత్తుగా లేచే గాలివాన సంగతేంటని జూనియర్ అడిగింది. ముడి ఒక్క లాగుతో ఊడిపోయేలా ఉండాలి. పందిరి ఆయన ఆ ముడి వేసి చూపించాడు, మా ఇంజనీరు ఫోనులో వీడియో తీసుకుని ఇంటి దగ్గర ప్రాక్టీసు చేస్తున్నాడట.

వర్దాలో కూలిన చెట్ల సంగతి ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. అందుకే చెట్ల జాబితా నుంచి తురాయి కొట్టేశాం. గంగరావి, పొగడ, కానుగ ఉంచాం, గోడకు అవతలి అంచున మాత్రమే. గంగరావి ఉప్పు నేలకూ సముద్రపు గాలికీ తట్టుకుంటుంది. గుంత తవ్వడానికి అనుమతి వస్తేనే చెట్లు. రాకపోతే పందిళ్ళతోనే సరిపెట్టుకోవాలి.

ఆగస్టు

నేల సంగతి. చౌక్ అంటే చివరికి నేలే కాబట్టి ఈ నెల నాకు అన్నిటికంటే ఇష్టంగా గడిచింది.

ముందు తాపీమేస్త్రిని పిలిపించాం. నాయుడుపేట మనిషి, గానుగ సున్నంతో పాత గుళ్ళ పని చేసినవాడు. ఆఫీసు పెరట్లో పాత ఇటుకలతో నడుమెత్తు గోడలు రెండు కట్టించాం. ఒకదానికి సిమెంటు పూత, రెండోదానికి సున్నమూ ఇసకా సుర్కీ (ఇటుక పొడి) కలిపి, బెల్లమూ కరక్కాయా నానబెట్టిన నీళ్ళతో మెత్తగా నూరిన పూత. సున్నం తొందరపడదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. పూతలు ఆరాక రెండు గోడల్నీ ఉప్పునీళ్ళ తొట్టిలో నిలబెట్టి వదిలేశాం.

దీపంలో వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నీళ్ళు పీలుస్తుంది. సున్నపు పూత వేసినదాంట్లో తడి జానెడు ఎక్కి ఆగిపోయింది, వచ్చిన తడి వచ్చినట్టే పూతలోంచి ఆరిపోతోంది. ఉప్పు పూత మీద తెల్లగా తేలింది, మేస్త్రి చీపురుతో దులిపేశాడు. సిమెంటు పూసినదాంట్లో తడికి బయటికి దారి లేక పైపైకి ఎక్కి, పూత ఆగిన గీత దగ్గర బయటపడింది. అక్కడ ఇటుక గోరుతో గీకితే రాలుతోంది. "సిమెంటు గట్టిదేనమ్మా, గోడకన్నా గట్టిది, అదే వచ్చిన చిక్కు" అన్నాడు మేస్త్రి.

ఈ రెండు గోడల్నీ మోడల్‌తో పాటు ప్రదర్శనకు తీసుకెళుతున్నాం. గోడ అడుగున మీటరున్నర వెడల్పు కంకర పట్టీ వదలాలన్నది ఇక్కడే ఖాయమైంది. ఆ పట్టీలో రాయి పరచం, బెంచీ వేయం, మొక్క పెట్టం. నీళ్ళు అసలు పోయం. తడి ఊపిరి పీల్చుకోవడానికి ఆ మాత్రం జాగా కావాలి. గోడలో మొలిచే రావి మొక్కల్ని పీకకూడదని, మొదలు కోసి వేరును లోపలే చావనివ్వాలని, పీకితే వేరుతో పాటు ఇటుకలూ వస్తాయని మేస్త్రి చెప్పినదాన్ని నిర్వహణ పేజీలో చేర్చాం.

కంకర పట్టీ దాటాక నేల. పది సెంటీమీటర్ల గ్రానైటు ముక్కలు ఇసక మీద పరచడం, సందుల్లో సిమెంటు లేకుండా. కానీ ఉన్న నేల మీద రాయి పరిస్తే మట్టం పెరుగుతుంది, పెరిగితే ఆ కంకర పట్టీ నీళ్ళు నిలిచే తొట్టి అవుతుంది. ఎర్ర గీత గీసిన వాక్యం బోర్డు మీద నుంచి మమ్మల్నే చూస్తోంది. చివరికి కుదిరిన ఒప్పందం ఇది. రోడ్డు మీద రోడ్డుగా చేరిన తారు పొరను యంత్రంతో గీకి, ఆ మందంలోనే ఇసకా రాయీ సర్దడం. పాత నేలను తాకేది లేదు. అనుమతి అడగాల్సిన కాగితం మాత్రం ఇంకోటి పెరిగింది.

వాలు గోడ నుంచి బయటికి, 80కి 1. పదహారు మీటర్లకు 20 సెంటీమీటర్లు. నడిచేవాళ్ళకు తెలియదు, నీళ్ళకు తెలుస్తుంది. ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకు గరుకు రాయి నరకం కాబట్టి, మధ్యగా మీటరున్నర వెడల్పున నున్నటి పలకల దారి ఒకటి.

గ్రానైటు ఎండకు కాలదా అని జూనియర్ ప్రశ్న. కాలుతుంది. మే నెలలో చార్మినార్ చుట్టూ పరిచిన రాయి మీద నడిచినవాళ్ళను అడగండి. అందుకే పందిళ్ళ కింద రాయి, ఎండపడే చోట వీలైనంత కంకర, మట్టి.

నీళ్ళు నేలలోకి ఇంకాలని పట్టుబట్టడానికి ఇక్కడ కారణం ఉంది. గోడకు లోపలి వైపు కొద్ది దూరంలో ఏడు బావుల ప్రాంతం. కోటకు మంచినీళ్ళు ఇవ్వడానికి 1772లో కంపెనీ తవ్వించిన బావులు. అంటే ఈ ఇసక నేల కింద తియ్యటి నీళ్ళు ఉండేవి. ముత్యాలపేటకూ పెద్దనాయకన్‌పేటకూ మధ్య అట్టపళ్ళం అనే పల్లపు కాలువ ఉండేది. స్టీఫెన్ పోఫామ్ దాన్ని పూడ్చి రోడ్డు వేశాడు, అదే బ్రాడ్‌వే. ఇప్పుడు మన ఆంధ్రకేసరి పేరుతో ప్రకాశం రోడ్డు. కాలువను పూడ్చి రోడ్డు చేసిన ఊళ్ళో వాన వస్తే నీళ్ళు ఎటు పోవాలి?

సెప్టెంబరు

అసలు కొలతలకు ముగ్గు పోశాం. తెలిసినవాళ్ళ కల్యాణ మండపం కారు పార్కింగు, ముహూర్తాలు లేని రోజు చూసుకుని. పురికొస, మేకులు, ముగ్గు పిండి, రసమట్టం. గోడ ఉండాల్సిన చోట పొడుగ్గా షామియానా గుడ్డ కట్టాం. టిఫిను అక్క బండి తోసుకొచ్చింది, తోడుగా కొబ్బరిబోండాల ఆయన. చక్రాల కుర్చీ ఒకటి అద్దెకు తెచ్చాం.

కాగితం మీద బండికి రెండు మీటర్లు ఇచ్చాం. బండి పట్టింది. తినేవాళ్ళు వచ్చి నిలబడ్డాక నున్నటి దారి మూసుకుపోయింది, చక్రాల కుర్చీలో కూర్చున్న జూనియర్ "సార్, కొంచెం జరగండి" అని అందరినీ బతిమాలుకోవాల్సి వచ్చింది. బండ్ల వరసను మరో మీటరున్నర వెనక్కి జరిపి ముగ్గు చెరిపి మళ్ళీ పోశాం. బెంచీ ఎత్తు 40 సెంటీమీటర్లు పడుచువాళ్ళకు బాగుంది. మండపం వాచ్‌మన్ తాతకు లేవడానికి చేయి ఆసరా కావలసి వచ్చింది. కొన్ని బెంచీలకు ఇనప కమ్మీ చేర్చాం.

మధ్యలో ఏం పెట్టాలన్న గొడవ ఇంకా తెగలేదు. విగ్రహమో ఫౌంటెనో లేకపోతే ఫొటోలో ఏం కనిపిస్తుందని మాలో ఒకరి బాధ. ముగ్గు పోసిన రోజు వాచ్‌మన్ మనవళ్ళు ఆ ఖాళీలోనే కర్రాబిళ్ళా మొదలుపెట్టారు. నా వోటు ఖాళీకే.

దీపాల సంగతి ఒక్క పూటలో తేలిపోయింది. గోడ మీద ఏదీ బిగించం, రంగు లైట్లు అసలే వద్దు, బెంచీ కింద పసుపు వెలుగు చాలు.

అక్టోబరు చివర

ఈశాన్య రుతుపవనం దిగింది. మొదటి పెద్ద వానకు గొడుగులు వేసుకుని గోడ దగ్గరికి వెళ్ళి, నీళ్ళు ఎటు పారుతున్నాయో చాక్‌పీసు బాణాలు గీయబోయాం. చాక్‌పీసు తడి నేల మీద పనిచేయదు కాబట్టి ఫోనులోనే గుర్తులు పెట్టుకున్నాం. తడిసిన ఇటుకలో ఎక్కడ పాత సున్నం ఉందో, ఎక్కడ సిమెంటు అతుకు పడిందో రంగు తేడాతో తెలిసిపోతోంది, ఎండలో ఇది కనబడదు. ఆ ఫొటోల్ని గోడ డ్రాయింగు మీద అతికిస్తున్నాం.

రెండు మార్పులు చేశాం. 80కి 1 వాలుతో నీళ్ళు రోడ్డు అంచుకు వెళ్ళాక ఎక్కడికి పోతాయన్నది మా షీటులో బాణం గుర్తుతో ఆగిపోయి ఉంది. కాలువ ముందే నిండి ఉంటే ఆ బాణం తిరిగి మన వైపే వస్తుంది. అవతలి అంచు వెంబడి 20 సెంటీమీటర్ల పల్లం ఒకటి ఇచ్చాం, మామూలు రోజుల్లో పిల్లలు కూర్చునే మెట్టు, వాన రోజు కాసేపు నీళ్ళు ఆగి ఇంకే చోటు. దీన్నీ గీకిన తారు మందంలోనే సర్దాలి, కుదరకపోతే అనుమతి కాగితాల్లో ఇంకోటి చేరుతుంది. రెండోది, టిఫిను అక్క తొట్టికి మూత. మూత లేకపోతే వాన నీళ్ళన్నీ అందులోపడి, తేలిన నూనె బయటికి పొర్లుతుంది. ఆవిడ తొట్టి డ్రాయింగు చూసి, ఎత్తు ఒక అడుగు తగ్గించమంది, వంగి కడిగితేనే అలవాటట. తగ్గించాం.

వచ్చే వారం మిగిలిన పని: అనుమతుల షీటు రాయడం, పందిరి గుడ్డ నమూనా కుట్టించడం, కంకర పట్టీ అంచుకు రాయా ఇనప పట్టీయా అని తేల్చడం. ఇంజనీరు ఇనుము అంటున్నాడు. సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని ఇనుమేంటని మేస్త్రి నవ్వుతున్నాడు. రాయే వేస్తాం.